భయపెట్టే పని ముందున్నప్పుడు విశ్వాసంతో ధైర్యం తెచ్చుకోవడం ఎలా?

రేపో ఎల్లుండో మీరు ఒక చోటికి వెళ్ళాలి. అది ఆపరేషన్ థియేటర్ కావచ్చు, కోర్టు కావచ్చు, బ్యాంకు మేనేజర్ గది కావచ్చు, విశాఖలో ఉద్యోగం ఇంటర్వ్యూ కావచ్చు. పదేళ్ళుగా మాటల్లేని అన్నయ్య ఇంటి గుమ్మం కూడా కావచ్చు. తలచుకుంటేనే కడుపులో దేవినట్టుంటుంది. ప్రార్థన చేద్దామని కూర్చుంటే నోట మాట రాదు. దానికి తోడు "నేను విశ్వాసిని కదా, నాకింత భయమేంటి" అని ఇంకో బాధ.

ఆ రెండో బాధను ముందు వదిలేయండి. శ్రీకాకుళంలో మా సంఘంలో చాలా ఏళ్ళుగా సండే స్కూల్ చెప్తున్నాను. ధైర్యం గురించి చెప్పాల్సి వస్తే పిల్లల చేత యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయం తీయిస్తాను. నిబ్బరంగా ఉండు, ధైర్యంగా ఉండు అనే మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టమంటాను. 6, 7, 9 వచనాల్లో దేవుడు మూడుసార్లు అంటాడు. 18వ వచనంలో జనం కూడా అదే మాట అంటారు. భయం లేని మనిషికి ఒకే మాట నాలుగుసార్లు ఎవరు చెప్తారు? మోషే చనిపోయాడు, ఆయన తర్వాత జనాన్ని నడిపించాల్సింది యెహోషువే. ఎదురుగా యొర్దాను నది, వెనక అంత జనం. యెహోషువకు గుండె దడదడలాడే ఉంటుంది. అందుకు దేవుడు ఆయన మీద కోప్పడలేదు, తోడుంటానన్నాడు.

కాబట్టి భయం పోయాక బయల్దేరదామని కూర్చోకండి. భయం ఉండగానే చేయాల్సిన పనులు కింద రాస్తున్నాను. ఇవి నేను చేసినవి, మా ఇంట్లో చేస్తుండగా చూసినవి.

భయాన్ని కాగితం మీద పెట్టి, దేవుని ముందు పరవండి

మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా కొబ్బరితోటలో నిలబడ్డ చెట్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జీడిచెట్లు వేళ్ళతో సహా పెకలించుకుని పడున్నాయి. కొబ్బరి మొక్క మళ్ళీ నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. తోట మీద తెచ్చిన అప్పు అన్నేళ్ళు ఆగదు కదా. మరుసటి ఏడాది వానాకాలంలో రిజిస్టర్ పోస్టులో బ్యాంకు నోటీసు వచ్చింది. నాన్న దాన్ని చదివి, మడిచి, బియ్యం డబ్బా వెనక పెట్టేశారు. వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నేను వెళ్ళినప్పుడు అమ్మ దాన్ని బయటికి తీయించింది.

అమ్మకు చదువు రాదు, సంతకం వరకే. ఆ కాగితం నా చేత రెండుసార్లు చదివించుకుంది. అంకెలు మాత్రం మూడోసారి అడిగింది. తర్వాత చాప వేసి నోటీసును దాని మీద విప్పి పరిచింది. మడతల దగ్గర కాగితం పైకి లేస్తుంటే నాలుగు మూలలా నాలుగు జీడిపిక్కలు పెట్టింది. దాని మీద అరచెయ్యి ఆనించి, "పెబువా, ఇదిగో సూడు. నాకు సదవడం రాదు, నీకొచ్చు" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "ఏటే గుంటా, కాయితానికే ఇలగైపోతే ఎలాగే" అని నా వైపు చూసింది.

ఇది అమ్మ సొంతంగా కనిపెట్టింది కాదు. పాస్టరు అయ్యగారి ప్రసంగంలో యూదా రాజు హిజ్కియా సంగతి విని గుర్తుపెట్టుకుంది. రెండవ రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉంటుంది. అష్షూరు రాజు సన్హెరీబు దగ్గర నుంచి బెదిరింపు ఉత్తరం వస్తే, హిజ్కియా దాన్ని తీసుకుని మందిరానికి వెళ్ళి యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. ఇది క్రీ.పూ. 701 నాటి మాట. యూదాలో ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించానని సన్హెరీబు తన శాసనాల్లో రాయించుకున్నాడు. అంటే ఆ ఉత్తరం ఉత్తుత్తి బెదిరింపు కాదు. హిజ్కియా కూడా ప్రార్థనలో దాన్ని తక్కువ చేసి చెప్పలేదు. అష్షూరు రాజులు చుట్టుపక్కల దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాకే సాయం అడిగాడు.

మీరూ అలాగే చేయండి. తెల్లకాగితం తీసుకోండి. "భవిష్యత్తు గురించి దిగులు" అని రాస్తే లాభం లేదు. ఎవరు, ఎప్పుడు, ఎంత, ఏం జరుగుతుందని భయం, అన్నీ రాయండి. "గురువారం పదకొండింటికి రిపోర్టు వస్తుంది. కిడ్నీలు పాడయ్యాయంటారేమో. వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే పనికి ఎలా వెళ్తాను?" ఇలా. రాస్తుంటే చెయ్యి ఒకచోట ఆగిపోతుంది. అసలు భయం అక్కడుంది. అది కూడా రాయండి. నోటీసో రిపోర్టో ఉంటే దాన్నే పరవండి. తర్వాత ఒక్కో వరుస దేవునికి పైకి చదివి వినిపించండి. పెద్ద పెద్ద ప్రార్థన మాటలు అక్కర్లేదు. సంఘంలో చేసినట్టు ఇక్కడ చేయకండి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడండి.

తినండి, పడుకోండి

ప్రవక్త ఏలీయా కర్మెలు కొండ మీద అంతమంది ఎదుట నిలబడ్డవాడు, రాణి యెజెబెలు చంపుతానని ఒక్క కబురు పంపేసరికి పారిపోయి, చెట్టు కింద పడి చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఆయనకు ప్రసంగం చెప్పలేదు. తట్టి లేపి, లేచి భోజనం చెయ్యి అన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి. కాబట్టి రేపటి పని తలచుకుని అన్నం మానేయకండి. ఏమీ సహించకపోతే ఒక గ్లాసు చోడి (రాగి) అంబలైనా తాగండి. ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి.

ఉపవాసం ఉందామనుకుంటే మంచిదే. కానీ షుగర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఉండొద్దు. మందులు ఆపితేనే విశ్వాసం అని ఎవరైనా చెప్తే నమ్మకండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో ఆ మాట విని డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. మందు వేసుకుంటూ ప్రార్థన చేయడంలో విశ్వాసానికి వచ్చిన లోటేమీ లేదు.

ఒక్క వచనం చాలు

వాట్సాప్‌లో రోజుకు పది వాగ్దానాలు వస్తాయి. అవి ఉదయం చదివితే సాయంత్రానికి గుర్తుండవు. టెన్షన్‌లో ఉన్న బుర్రకు పది వచనాలు పట్టవు. ఒక్కటి పట్టుకోండి. యెహోషువ 1:9లో చివరి సగం తీసుకోవచ్చు, యెషయా 41:10 తీసుకోవచ్చు, కీర్తన 56:3 తీసుకోవచ్చు. నాకు మూడోది ఇష్టం. భయం కలిగిన రోజున నిన్ను ఆశ్రయిస్తాను అంటాడు అందులో దావీదు. భయం కలగదని అనలేదు.

మన బైబిల్ తెలుగు పాతది. దాన్ని పైకి చదివితేనే బాగా పడుతుంది. "దిగులుపడకుము జడియకుము" అని ఒకసారి నోరారా అనండి. జడియడం అంటే బెదిరి వెనక్కి తగ్గడం. ఎడ్లు కొత్త కాలవ చూసి ఆగిపోతాయి చూడండి, అది. అర్థం తెలిసి అనండి. గిన్నెలు తోముతూ, బస్సు కోసం నిలబడి, లైట్ ఆర్పాక, అదే వచనం. మూడు రోజులకు అడక్కుండానే నోటికి వస్తుంది. కౌంటర్ ముందు గొంతు ఎండిపోయినప్పుడు మీకు పనికొచ్చేది అదే.

సింహం, ఎలుగుబంటి లెక్క రాసుకోండి

దావీదు గొల్యాతు కథ పిల్లలకు చెప్తే ఎక్కువమందికి గుర్తుండేది రాయి తగలడం. అంతకు ముందున్న మాట చూడండి. నువ్వు కుర్రాడివి, వాడు చిన్నప్పటినుంచీ యుద్ధాలు చేసినవాడు అని రాజు సౌలు అంటే, దావీదు తన పాత లెక్క చెప్పాడు. గొర్రెలు కాస్తుంటే సింహం వచ్చింది, ఎలుగుబంటి వచ్చింది, దేవుడు వాటి నుంచి తప్పించాడు, దీని నుంచీ తప్పిస్తాడు అని. మా ఉద్దానం పిల్లలకు ఈ చోట కళ్ళు పెద్దవవుతాయి. మందస, వజ్రపుకొత్తూరు జీడితోటల్లోకి ఎలుగుబంట్లు రావడం వాళ్ళకు కథ కాదు. పొద్దున్నే తోటకు వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు చప్పుడు చేసుకుంటూ ఎందుకు వెళ్తారో వాళ్ళకు తెలుసు.

మీ లెక్క మీరు రాయండి. గతంలో ఇక అయిపోయిందనుకుని దాటిన రోజులు ఐదైనా ఉంటాయి. పదో తరగతి తప్పి మళ్ళీ రాసిన ఏడాది, పురుడు కష్టమై శ్రీకాకుళం పెద్దాసుపత్రికి రాత్రికి రాత్రి వెళ్ళడం, వలస వెళ్ళిన ఊళ్ళో భాష రాక మూడు నెలలు గడపడం. ఎవరు వచ్చి సాయం చేశారో పక్కన రాయండి. ఆ సాయం వెనక ఎవరున్నారో మీకు అప్పటికి తెలియకపోయినా ఇప్పుడు కనబడుతుంది.

పరాయి కవచం తొడుక్కోకండి

సౌలు తన కవచం, ఇత్తడి శిరస్త్రాణం దావీదుకు తొడిగాడు. దావీదు నాలుగడుగులు వేయబోయి, ఇవి నాకు వాడుక లేదని తీసేశాడు. వాగులో ఐదు నున్నటి రాళ్ళు ఏరుకున్నాడు. చేతిలో వడిసెల.

వడిసెల అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. మా తాతయ్య చోడిచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలడానికి తిప్పేవారు. నారతో అల్లిన తాడు, మధ్యలో రాయి పట్టే చిన్న జోలె. తల చుట్టూ రెండు తిప్పులు తిప్పి ఒక కొస వదిలేస్తే రాయి ఎక్కడో చేను అవతల పడేది. మేం ప్రయత్నిస్తే మా వీపుకే తగిలేది. అది చేతికి అలవాటు కావాలి, రోజూ చేయాలి. దావీదుకు అది రోజూ చేసిన పని. దేవుడు కొత్త ఆయుధమేదీ ఇవ్వలేదు. ఆ కుర్రాడు రోజూ పట్టుకునేదాన్నే వాడుకున్నాడు.

దీన్ని మీ పనికి అన్వయించుకోండి. మీకు ఇంగ్లీషు ధారాళంగా రాకపోతే ఇంటర్వ్యూలో ఎవరిలాగో మాట్లాడాలని చూడకండి. వచ్చిన పనిని వచ్చిన మాటల్లో చెప్పండి. గట్టిగా వాదించడం మీ స్వభావం కాకపోతే కాగితం మీద రాసుకెళ్ళి చదవండి. ప్రార్థన కూడా అంతే. పక్కింటావిడ తెల్లవారుజామున మూడింటికి లేచి చేస్తుందని మీరు రెండు రోజులు లేచి, మూడోరోజు లేవలేక, నా విశ్వాసం ఇంతే అనుకోవద్దు. మీకు అలవాటైన వేళకే, అలవాటైన చోటే చేయండి.

ఇద్దరికి చెప్పండి

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుప్రభువే పేతురును, యాకోబును, యోహానును వెంట తీసుకెళ్ళి, నాతో కూడా మెలకువగా ఉండండి అని అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు, అది వేరే సంగతి. కానీ ఆయన అడిగాడు. మనం మాత్రం ఎవరికీ చెప్పం, పరువు పోతుందని.

ఊరందరికీ చెప్పక్కర్లేదు. ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు మీతో ప్రార్థన చేసేవాళ్ళు, ఒకరు మీతో వచ్చేవాళ్ళు. కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నాటి సంఘాలు బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు ఇప్పటికీ ఉన్నాయి. చాలా సంఘాల్లో స్త్రీల సమాజం ఉంటుంది. అందులో తక్కువ మాట్లాడే పెద్దావిడ ఒకరు తప్పకుండా ఉంటారు. ఆమె దగ్గరికి వెళ్ళండి. రెండో మనిషి ఆఫీసుల్లో కాస్త తిరిగి ఉంటే మేలు. విన్న వెంటనే "నీ జీవితంలో ఏదో పాపముంది, అందుకే ఇలా" అనేవాళ్ళకు చెప్పకండి. దావీదును కూడా సొంత అన్న ఏలీయాబు అందరి ముందూ కసురుకున్నాడు. దావీదు అతనితో వాదన పెంచుకోకుండా అక్కడినుంచి పక్కకు తిరిగాడు. మీరూ పక్కకు తిరగండి.

ప్రార్థనా చేయండి, కావలీ పెట్టండి

నెహెమ్యా 4:9 నాకు చాలా నచ్చిన వచనం. నెహెమ్యా యెరూషలేము గోడ మళ్ళీ కట్టించినవాడు. శత్రువులు గోడ కట్టనివ్వబోమని బెదిరిస్తే, దేవునికి ప్రార్థన చేశాం, రాత్రింబగళ్ళు కావలి ఉంచాం అంటాడు. ఒకే వాక్యంలో రెండు పనులు. గోడ 52 రోజుల్లో పూర్తయింది.

అదే నెహెమ్యా, గోడ కట్టడానికి వెళ్ళేముందు, తాను కొలువు చేసే పారసీక రాజు ముందు నిలబడ్డ తీరు రెండో అధ్యాయంలో చదవండి. చాలా భయపడ్డానని తనే చెప్తాడు. ఏం కావాలని రాజు అడిగిన క్షణంలో మనసులో ప్రార్థన చేసుకుని, నోరు విప్పాడు. అడిగినవి చూడండి: ఎన్నాళ్ళు సెలవు కావాలో, దారిలో అధికారులకు ఏ ఉత్తరాలు కావాలో, గుమ్మాలకు కలప ఎవరి దగ్గర నుంచి రావాలో. అప్పటికి దాదాపు నాలుగు నెలలుగా ప్రార్థిస్తున్నాడు. ఆ నెలల్లో లెక్కలు కూడా వేసుకున్నాడన్నమాట.

మేం నాన్నను బ్యాంకుకు తీసుకెళ్ళేముందు రాత్రి ఇదే చేశాం. సంఘంలో రిటైరైన మాస్టారు ఒకరు వచ్చారు. పాసుపుస్తకం, తోట పట్టా, తుపాను నష్టం రాసుకున్న కాగితాలు, నోటీసు వరుసగా ఒక కవర్లో పెట్టించారు. ఏం అడగాలో మూడు ముక్కల్లో రాశాం: గడువు, చిన్న వాయిదాలు, వడ్డీలో తగ్గింపు. మొదటి వాక్యం నాన్న చేత నాలుగుసార్లు అనిపించాం: "సార్, ఎగ్గొట్టడానికి రాలేదు, కట్టే దారి అడగడానికి వచ్చాను." మొదటి వాక్యం నోటికి వస్తే తర్వాతవి వాటంతట అవే వస్తాయి. ఇది మాత్రం తప్పకుండా చేయండి.

కావలి అంటే సాయం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడం కూడా. కోర్టు నోటీసు వచ్చి వకీలుకు డబ్బు లేకపోతే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఉచితంగా న్యాయ సాయం చేస్తారు, ఫోన్ నంబర్ 15100. ఆఫీసుల చుట్టూ తిరిగి పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. లోన్ యాప్ వాళ్ళు పొద్దున్నా సాయంత్రం ఫోన్ చేసి ఫొటోలు మార్చి అందరికీ పంపుతామని బెదిరిస్తుంటే, గొల్యాతు గుర్తుకు రావాలి. వాడూ నలభై రోజులు ఉదయం, సాయంత్రం వచ్చి అరిచాడు. రాయి విసరకముందే సైన్యం సగం ఓడిపోయింది ఆ అరుపులకే. స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. మనసు చీకటైపోయి బతకాలని లేదనిపిస్తే మానసిక ఆరోగ్య సాయం నంబరు 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. అయ్యగారితో ప్రార్థన చేయించుకోవడం, ఆ నంబరుకు ఫోన్ చేయడం, రెండూ చేయండి.

ఇంకొక్క మాట. ఇంట్లో మిమ్మల్ని కొడుతుంటే, ఓర్చుకోవడమే విశ్వాసమని ఎవరు చెప్పినా వినకండి. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు నిలబడి తగిలించుకోలేదు, తప్పించుకుని వెళ్ళిపోయాడు. మహిళల హెల్ప్‌లైన్ 181కి, ప్రాణం మీదికి వస్తే 112కి ఫోన్ చేయండి. బయటికి రావడానికి కావలసింది కూడా ధైర్యమే.

ఆ రోజు

ముందే వెళ్ళండి. కాంప్లెక్స్‌లో బస్సు తప్పితే పడే కంగారు భయానికి తోడైతే తట్టుకోవడం కష్టం. గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఊపిరి నిదానంగా వదులుతూ మీ వచనం అనుకోండి. లోపలికి వెళ్ళాక చెయ్యి వణికితే వణకనివ్వండి. నాన్నకు పెన్ను పట్టుకున్న చెయ్యి వణికింది. మేనేజర్ గారు అది చూసి, "కూర్చోండి, నీళ్ళు తాగండి" అన్నారు.

అనుకున్నట్టు జరగకపోతే

మాకు మూడింటిలో రెండే దొరికాయి. వాయిదాలు మార్చారు, గడువు ఇచ్చారు, వడ్డీ తగ్గించలేదు. కొందరికి అదీ దొరకదు. రిపోర్టు చెడ్డగానే వస్తుంది, ఉద్యోగం రాదు. ఈ మాట ముందే తెలుసుకుని వెళ్ళాలి. రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనన్నందుకు షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు నిలబడి, మా దేవుడు రక్షించగలడు అని ఆ రాజుతో అన్నారు, ఆ వెంటనే ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ "ఒకవేళ" ఉన్న విశ్వాసమే నిప్పు దగ్గర నిలబడింది. అది లేకుండా ప్రార్థన చేస్తే, జవాబు మనం అడిగినట్టు రాని రోజున దేవుడి మీదే అలుగుతాం. అలిగినా ఫరవాలేదు, ఆ అలకను కూడా కాగితం మీద రాసి ఆయన ముందే పరవండి.

పని అయినా కాకపోయినా ఇంటికి రాగానే ఆ ఇద్దరికీ కబురు చెప్పండి. తర్వాత మీ బైబిల్ చివరి ఖాళీ పేజీలో తారీఖు వేసి ఏం జరిగిందో రెండు ముక్కలు రాయండి. వచ్చేసారి సింహం, ఎలుగుబంటి లెక్క అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.

బ్యాంకు నుంచి వచ్చిన సాయంత్రం అమ్మ తన బైబిల్ నా చేతికిచ్చి చెప్తూ పోయింది, నేను రాశాను. బేంకుకెల్లినాం. మీ నాన్న మాటాడినారు. గడువిచ్చినారు. అంతేనా అని మూయబోతే చెయ్యి పట్టుకుంది.

"బయమేసిందని కూడా రాయే."

రాశాను.